తొమ్మిది గంటల చందమామ

వెస్ట్ టెర్‌స్కెల్లింగ్
12 అక్టోబర్ 1998

చిన్నన్నయ్యకి,

నీ ఒంట్లో ఎలా ఉందని అడగను. అడిగితే మూడు పేజీలు రాస్తావు. నా మోకాలు మాత్రం ఇక పనికిరాదట. డాక్టరు మెట్లూ పడవా రెండూ మానెయ్యమన్నాడు. దీవిలో ఉన్నదాన్ని పడవ మానమంటే ఇక్కడే ఉండిపొమ్మని అర్థం. కాబట్టి యూట్రెక్ట్ ఊరు నేను మళ్ళీ చూడను. ఏడుస్తూ రాయడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

అందుకని ఒక పని పెట్టుకున్నాను. అక్కడి పాత చర్చి గోపురం, మన డోమ్ టవర్‌ని క్రాస్‌స్టిచ్‌లో కుడతాను, పక్కపక్కన రెండు గుడ్డల మీద. ఒకటి పగటిది, ఒకటి రాత్రిది. పాత ఇంటి అటక గది కిటికీలోంచి మనం ముగ్గురం చూసేవాళ్ళమే, ఇళ్ళ కప్పులన్నీ దాటాక, ఆకాశానికి గుచ్చినట్టు, బొటనవేలంత. అలా కావాలి. పోస్టు కార్డుల్లో అన్నీ టవర్ కింద నిలబడి తీసినవే. చూస్తుంటే మీద పడేట్టుంటాయి.

నీ తొమ్మిదో అంతస్తులోంచి అది బ్రహ్మాండంగా కనిపిస్తుందని నువ్వే చెబుతావు. పదిహేనేళ్ళలో ఒక్కసారి కాఫీకి పిలిచిన పాపాన పోలేదు కాబట్టి నీ మాట నమ్మాల్సిందే. కెమెరాని కదలకుండా ఒకే చోట పెట్టి, మధ్యాహ్నం పన్నెండుకి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి తీసి పంపు. రెంటికీ గీతకి గీత కలవాలి. నేను గళ్ళు లెక్కపెట్టుకుని కుట్టాలి.

నువ్వు తియ్యవని పక్కింటి త్రైన్ పందెం కాసింది. ఓడితే కేకు చేసిపెట్టాలి. ఆవిడ కేకు తిని చాలా రోజులైంది.

నీ చెల్లెలు
లైస్బెత్


యూట్రెక్ట్
25 అక్టోబర్ 1998

లైస్బెత్‌కి,

త్రైన్‌ని పిండి కలుపుకోమను. ఫోటోలు రెండూ ఇందులో పెట్టాను. వెనక తేదీ, సమయం వేశాను. 22వ తేదీ, పగలు పన్నెండు, రాత్రి తొమ్మిది. ముక్కాలి స్టాండు కాళ్ళ కింద నేల మీద సుద్దతో గుర్తులు కూడా పెట్టాను. నేనొక పని చేస్తే అలా చేస్తాను. ఫోటోలు కడిగిన దుకాణం వాడు చేసినట్టు చెయ్యను. వాడికి ఫిల్ము ఇచ్చి, మసక రాకూడదు నాయనా అంటే, 'మసక గాజులో ఉంటే నేనేం చేస్తానండీ' అన్నాడు. నా కిటికీ గాజుల్లో మసక ఉండదని వాడికి పది నిమిషాలు వివరించాను. వినే ఓపిక ఈ కాలం వాళ్ళకి లేదు.

కింది అంతస్తు వాడి సంగతి చెప్పానా? మా ఇంట్లోంచి గంటగంటకీ ఏవో చప్పుళ్ళు వస్తున్నాయని నివాసుల సంఘానికి అర్జీ పెట్టాడు. సంఘం ఇద్దరు మనుషుల్ని పంపింది. గుమ్మంలోనే నిలబెట్టి, చదువుకునే మనిషి పేజీ తిప్పితే చప్పుడవుతుంది, అది మీ పెద్దమనిషికి కొత్త అయి ఉంటుంది అని చెప్పి పంపేశాను. వాడి ఇంటికి రోజంతా తెరలే. నాన్న ఏమనేవాడు? దాచుకునేది లేనివాడికి తెర అక్కర్లేదు. నా కిటికీకి తెర వేలాడదీసే ఇనుప కడ్డీ కూడా పీకించేశాను.

నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది. 'మనం ముగ్గురం' అని రాశావు. 'ఇద్దరం' అని దిద్దాను. నలభై ఏళ్ళు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దినవాడి చెయ్యి ఊరుకోదు. ఆ మూడోవాడు, అమ్మని పూడ్చిన మట్టి ఆరకముందే ఆమె గోడ గడియారం ఎత్తుకుపోయాడు. తాళంచెవి ఉన్నది నాకూ అతనికీ. మూడో రోజు మనం సామాను పంచుకోవడానికి వెళ్ళేసరికి గోడకి కొక్కెం మిగిలింది. ఎదురుగా నిలబెట్టి అడిగితే నేను తియ్యలేదన్నాడు. ఇంటి దొంగని దేవుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. మరుగుదొడ్డి తలుపు వెనక వేలాడే, అయినవాళ్ళ పుట్టినరోజుల క్యాలెండర్లో వెస్సెల్ పేరు ఆ ఏడే కొట్టేశాను. నువ్వూ కొట్టేసే ఉంటావు.

గోవర్ట్


వెస్ట్ టెర్‌స్కెల్లింగ్
16 నవంబర్ 1998

చిన్నన్నయ్యకి,

గాలివానకి పడవలు రెండు రోజులు ఆగిపోయాయి. నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. త్రైన్ కేకు చేసింది, మాడ్చి తెచ్చింది. ఓడిపోయినవాళ్ళ కేకు అలాగే ఉంటుందట.

ఫోటోలు ఎంత బాగున్నాయో చెప్పలేను. పగటిదాంట్లో టవర్ మధ్యలో ఆ ఖాళీల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. అటక గదిలో వెస్సెల్ అన్నయ్య నన్ను ఎత్తుకుని చూపించేవాడు, 'చూడు లైస్, టవర్‌కి కిటికీలు తీసి పెట్టారు, లోపల ఎవరూ లేరు' అని. ఇక రాత్రిదాంట్లో ఆ చందమామ. టవర్‌కి కుడిపక్కన, లేతగా, నిండుగా. అది పడేట్టు నిలబెట్టి తీశావంటే నీలో కూడా కవి ఉన్నాడన్నమాట. పన్నెండు గళ్ళ వెడల్పున కుట్టేశాను, గుడ్డు పెంకు రంగు దారంతో.

నువ్వు దిద్దినా నేను ముగ్గురమనే రాస్తాను. క్యాలెండర్లో ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. పోయినవాళ్ళ పేర్లు కొట్టెయ్యడం మొదలుపెడితే నా క్యాలెండర్లో ఇక త్రైనే మిగులుతుంది.

అలాగని క్షమించానని కాదు. గడియారం తీసుకున్నందుకు కాదు నా కోపం. అది నీకేరా అని అమ్మ అతనితో నా ముందే అంది. అడిగినప్పుడు నా కళ్ళలోకి చూసి తియ్యలేదన్నాడే, అందుకు. ఎనభై ఎనిమిది సెప్టెంబర్లో ఇక్కడికి వచ్చాడు, నీకు చెప్పాను. వీధి మలుపులో కనిపించాడు, చేతిలో పొట్లం. కిటికీలోంచి నన్ను చూసి నవ్వాడు, చెయ్యి ఊపాడు. ఏమీ జరగనట్టు. ఎంత సిగ్గులేనితనం అనుకుని లేచి ముందు గది తెర వేసేశాను. మా ఆయన పోయిన వారం తర్వాత అప్పటిదాకా ఆ తెర మళ్ళీ కదపలేదు. పట్టపగలు తెర వేస్తే మా వీధిలో దానికి ఒకటే అర్థం. సాయంత్రానికి త్రైన్ ఎండుద్రాక్ష రొట్టె పట్టుకుని వచ్చేసింది, ఎవరు పోయారని. తలనొప్పి అన్నాను.

అతను తెర అవతల ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. పొట్లం కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఉప్పటి అతిమధురం బిళ్ళలు, అమ్మ తినేవి. సముద్రపు కాకులకి పారేశాను.

ఇంకో జత ఫోటోలు పంపు. నవంబర్ వెలుతురులో ఇటుకల రంగు వేరుగా ఉంటుంది.

లైస్బెత్


యూట్రెక్ట్
29 నవంబర్ 1998

లైస్బెత్‌కి,

చందమామ లేదు. ఉండడానికి వీల్లేదు. పంచాంగం తీసి చూశాను. అక్టోబర్ 20 అమావాస్య. 22న రాత్రి తొమ్మిదికి గోరంత చంద్రుడు ఎప్పుడో కుంకి ఉంటాడు. నువ్వు చూసింది నీ కళ్ళజోడు మీద వేలిముద్ర. పన్నెండు గళ్ళ వేలిముద్ర కుట్టావు. విప్పెయ్.

చంద్రుడంటే గుర్తొచ్చింది. చంద్రుడిలో మచ్చ ఏమిటో నీకు అమ్మమ్మ చెప్పే ఉంటుంది. ఆదివారం పూట పక్కవాడి కట్టెలు ఎత్తుకుపోయిన దొంగ. దేవుడు వాణ్ణి కట్టెలమోపుతో సహా అక్కడ నిలబెట్టాడు, ఊరందరికీ కనిపించేట్టు. ప్రతి దేశంలో ఈ కథ ఒకలా ఉంది. కొందరికి కుందేలు, కొందరికి ముసలమ్మ. దొంగని పెట్టినవాళ్ళం మనం. అందుకే ఈ జాతి మీద నాకు ఇంకా కొంచెం గౌరవం మిగిలింది.

నవంబర్ 20న తీసిన జత పంపుతున్నాను. అమావాస్య మర్నాడు, కావాలనే. ఇందులో చందమామ కనిపిస్తే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వెస్సెల్ గురించి ఆ జాలి మాటలు నాకు రాయకు. అతను పోయినప్పుడే చెప్పాను, దొంగ శవం వెనక నడవక్కర్లేదని. నువ్వు నడవలేదు, నేనూ నడవలేదు. ముగిసిన పుస్తకం. నవ్వాడట, చెయ్యి ఊపాడట. అలాంటివాళ్ళు నవ్వకుండా ఎలా బతుకుతారు?

గోవర్ట్


వెస్ట్ టెర్‌స్కెల్లింగ్
13 డిసెంబర్ 1998

చిన్నన్నయ్యకి,

కళ్ళ డాక్టరు వారం వారం పడవ మీద వస్తాడు, మంచివాడు, నా కళ్ళు బాగున్నాయన్నాడు. నీ కొత్త ఫోటోలో చందమామ ఉంది.

అదే చోట. అదే సైజు. నా గళ్ళ కాగితం పైన పెట్టి చూశాను, ఒక్క గడి తేడా లేదు. త్రైన్‌కి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, 'మీ అన్నయ్య రెండూ ఒక్క రాత్రే తీసి, తేదీలు వేరువేరుగా వేశాడమ్మా' అంది. కాదన్నాను గానీ, గోవర్ట్, ఇంకెలా కుదురుతుంది? చలికి కిటికీ దగ్గర నిలబడ్డానికి బద్ధకించావని నేనేమీ అనుకోను. డెబ్బై దాటినవాడివి. చెబితే సరిపోయేది. పంచాంగాలూ దొంగలూ ఎందుకు మధ్యలో?

అన్నట్టు నీ దొంగ కూడా ఉన్నాడు. చందమామ ఎడమ చెంప మీద, కింది పక్కన ఒక చిన్న నల్లమచ్చ. రెండు ఫోటోల్లోనూ. దానికి నల్లదారం ఒక్క కుట్టు వేశాను.

చలికాలం వచ్చేసింది. శనగల సూపు కాచుకుంటున్నావా, డబ్బాలవే తింటున్నావా?

లైస్బెత్


యూట్రెక్ట్
20 జనవరి 1999

లైస్బెత్,

నెల రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేవాడినో అని ఊరుకున్నాను.

నలభై ఏళ్ళు ఈ దేశంలో పేరున్న పండితుల తప్పులు దిద్దాను. నా చేతిలోంచి ఒక్క తేదీ తప్పుగా పోలేదు. యజమాని కొడుకు నన్ను రెండేళ్ళు ముందే ఇంటికి పంపినప్పుడు కూడా ఆ మాట మాత్రం అనలేకపోయాడు. ఇప్పుడు కేకు మాడ్చుకునే త్రైన్ నన్ను దొంగ తేదీలు వేసేవాడంది, నా చెల్లెలు నమ్మింది.

సరే. రుజువు కావాలా? జనవరి 11 నుంచి 17 దాకా ఏడు రాత్రులు, సరిగ్గా తొమ్మిదికి తీశాను. కృష్ణపక్షం చివరి వారం, సాయంత్రం ఆకాశంలో చంద్రుడు ఉండనే ఉండడు. ఫిల్ము దుకాణం వాడికి ఇచ్చి, ఏడూ కడిగి, ఒకదాన్ని గోడకి తగిలించేంత పెద్దది చేసి, తిన్నగా నీ చిరునామాకే పోస్టు చెయ్యమన్నాను. నేను కంటితో కూడా చూడను. రేపు నేను మధ్యలో ఏదో దిద్దానన్న మాట కూడా పడక్కర్లేదు. నీ భూతద్దం దీపం కింద పెట్టుకుని అంగుళం అంగుళం చూసుకో. చందమామ కాదని తేలాక నాకు క్షమాపణ రాయి. త్రైన్ చేత కూడా సంతకం పెట్టించు.

గోవర్ట్


వెస్ట్ టెర్‌స్కెల్లింగ్
31 జనవరి 1999

గోవర్ట్,

పెద్ద ఫోటో శుక్రవారం వచ్చింది. ఇవాళ ఆదివారం. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

నువ్వు చెప్పింది నిజం. అది చందమామ కాదు.

దీపం కింద పెట్టి చూశాను. గుండ్రటి తెల్ల పింగాణీ. చుట్టూ అంకెలు. రెండు ముళ్ళు, పొడుగుది నిటారుగా, పొట్టిది కుడివైపుకి. మూడు గంటలు. నాకు మొదట నీ మీద బెంగ పుట్టింది, చూడు. తొమ్మిదని రాసి, పాపం నిద్రపట్టక రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నాడు అనుకున్నాను. ఆ తర్వాత చూస్తే అంకెలు తిరగబడి ఉన్నాయి. ఫోటోని నడవలో అద్దం దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దంలో తొమ్మిదైంది. నల్లమచ్చ కుడిపక్కకి జరిగి, నాలుగు అంకె పక్కన నిలబడింది.

ఆ మచ్చ దగ్గర పింగాణీ పెచ్చు వెస్సెల్ అన్నయ్య గోలీ తగిలి ఊడింది. అప్పుడతనికి తొమ్మిదేళ్ళు. అమ్మ అతన్ని కొట్టలేదు. గడియారం నీదే, పగలగొట్టుకుంటే నీకే నష్టం అంది.

పగలు నీ కిటికీ ఊరిని చూపించింది. రాత్రి నీ గదిని చూపించింది. లోపల దీపం వెలుగుతోంది, తెర లేదు, ఎదురు గోడ మీదది గాజులో పడింది. అచ్చు వెయ్యడానికి తిరగేసి పేర్చిన సీసపు అక్షరాలు నలభై ఏళ్ళు చదివి పొట్టపోసుకున్నవాడివి, గాజులో తిరగబడ్డ గడియారం నీ కంటికి ఆనలేదు. టవర్‌నే చూశావు కాబోలు.

కింది అంతస్తాయన వింటున్న చప్పుడు ఏమిటో నాకిప్పుడు తెలిసింది. నన్ను కాఫీకి ఎందుకు పిలవలేదో కూడా.

ఎందుకు తీశావని అడగను. ఒకటే అడుగుతున్నాను. వెస్సెల్ అన్నయ్యకి తెలుసా?

లైస్బెత్


యూట్రెక్ట్
9 ఫిబ్రవరి 1999

లైస్‌కి,

నీ ఉత్తరం చదివి నా దగ్గరున్న నెగటివ్‌లు తీసి కిటికీకి పెట్టి చూశాను. రాత్రి తీసిన అన్నిటిలోనూ ఉంది. అక్టోబర్ నుంచీ ఉంది. నేనే తీశాను, నేనే తేదీ వేశాను, నేనే కవరు అంటించాను. రెండు రోజులు ఆ గదిలోకి వెళ్ళలేకపోయాను.

ముందు నువ్వు కొన్ని వినాలి. అమ్మ మంచం పట్టిన పదకొండు వారాలు ఆమె దగ్గర కూర్చున్నది నేను. ఆదివారం ఆదివారం పూలు పట్టుకొచ్చి, గడియారం ఆగకుండా దాని బరువులు పైకి లాగి వెళ్ళిపోయేవాడు అతను. అమ్మ అతని అడుగుల చప్పుడు కోసం చెవులొగ్గి పడుకునేది. నేను చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, 'ఇంకా వెస్సెల్ రాలేదా' అనేది. తను పోయిన సాయంత్రం కూడా ఆ మాటే. నేను గడియారం దించి ఆమె దుప్పట్లోనే చుట్టి తెచ్చుకున్నాను. వారంలో చెబుదామనుకున్నాను. మూడో రోజు ఖాళీ కొక్కెం చూసి, 'వెస్సెల్ అన్నయ్య తీసుకెళ్ళి ఉంటాడులే' అన్నది ఎవరు? నువ్వు. ఆ మాట నీ నోట్లోంచి వచ్చింది. నేను కాదనలేదు, అంతే. తర్వాత దానికి నేను చాలా కలిపాను, ఒప్పుకుంటాను. కలిపేకొద్దీ నాకే నిజమనిపించింది. నీకు ఇంటిదొంగ సామెత రాసినప్పుడు కూడా నేను నటించలేదు. అది నీకు అర్థం కాదు.

నువ్వు అడిగినదానికి జవాబు. తెలుసు.

ఎనభై ఎనిమిది ఏప్రిల్లో చెప్పకుండా వచ్చాడు. ఎవరో అనుకుని తలుపు తీశాను. లోపలికి వచ్చి గోడ చూశాడు. దగ్గరికి వెళ్ళి బరువులు పైకి లాగాడు. 'నాలుగు నిమిషాలు వెనకబడిందిరా' అన్నాడు. ముల్లు సరిచేశాడు. తర్వాత టోపీ పెట్టుకుంటూ అన్నాడు:

"నీ దగ్గరే ఉండనీ. లైస్‌కి మాత్రం రాయి. నువ్వే రాయాలి. నేను చెబితే నిన్ను దొంగని చేసినట్టుంటుంది. ఇంటికి ఒక దొంగ చాలు, ఆ పని నేను చేస్తున్నాగా."

రాస్తానన్నాను. ఆగస్టులో ఫోన్ చేశాడు, రాశావా అని.

ఇది రాయకుండా ఈ ఉత్తరం ముగించవచ్చు. ముగిద్దామనే అనుకున్నాను. రాశానని చెప్పాను, లైస్. రాశాను, అర్థం చేసుకుంది, వెళ్ళి కలువు అన్నాను. ఆ వారంలోనే రాసేద్దామనుకున్నాను. కాగితం కూడా తీశాను. అతను సెప్టెంబర్లో పడవెక్కాడు.

తిరిగొచ్చాక ఫోన్ చెయ్యలేదు. మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

గడియారం నీకు పంపిస్తాను. మనిషికిచ్చి పంపిస్తాను, పగలకుండా. మోకాలు ఒప్పుకుంటే నువ్వే రా. కాఫీ పెడతాను.

గోవర్ట్


వెస్ట్ టెర్‌స్కెల్లింగ్
21 ఫిబ్రవరి 1999

గోవర్ట్‌కి,

నీ ఉత్తరం పది రోజులు బల్ల మీద పెట్టుకుని తిరిగాను. ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. వెళ్ళి కలువు అన్నావు.

అందుకే నవ్వాడు. ఆ నవ్వుని నేను పదేళ్ళుగా అసహ్యించుకున్నాను. నాకంతా తెలిసిపోయిందనీ, నేను తలుపు దగ్గరే ఎదురుచూస్తుంటాననీ అనుకుని, అమ్మ బిళ్ళలు కొనుక్కుని వచ్చాడు. ఆ మనిషి ముఖం మీద తెర వేశాను. తెలిసి కూడా వేసిందనుకుని వెళ్ళిపోయాడు. తలుపు కొట్టలేదు. ఒక్క ముక్క రాసి పెట్టలేదు. నిన్ను దొంగని చెయ్యనని నీకు మాట ఇచ్చాడు కదా.

కొక్కెం చూసి ఆ మాట నేనే అన్నాను. అది నాది, నేనే మోస్తాను. నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

గడియారం పంపకు. నీ దగ్గరే ఉండనీ అన్నాడు. అతని మాట ఒక్కటైనా మన ఇంట్లో చెల్లాలి. బరువులు వేళకి లాగు. వెనకబడనివ్వకు.

ఫోటోలు కూడా ఇక వద్దు. రెండు గుడ్డలూ పూర్తయ్యాయి. చందమామని విప్పలేదు. అంకెలు వేసి, రెండు ముళ్ళు కుట్టాను. నల్లకుట్టు విప్పి, నాలుగు పక్కన వేశాను. నా గుడ్డలో అది సరిగ్గా తొమ్మిది చూపిస్తుంది, తిరగబడకుండా.

నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి ముందు గది తెర వేశాను. గంట గడవకముందే త్రైన్ వచ్చింది, ఎండుద్రాక్ష రొట్టెతో. ఈసారి మాడలేదు.

"ఎవరు పోయారు, లైస్?"

"మా పెద్దన్నయ్య."

"ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది కదమ్మా."

"నాకు ఇప్పుడే తెలిసింది."

ఆవిడ కోటు విప్పి కూర్చుని రొట్టె కోసింది. చీకటి పడేదాకా ఉంది. అతను నన్ను ఎత్తుకుని టవర్ చూపించడం, గోలీ, నాలుగు అంకె, అన్నీ చెప్పాను. ఎనిమిదేళ్ళ కిందట చెప్పాల్సినవి.

రేపు పొద్దున తెర తీసేస్తాను. నువ్వు పోయిన రోజున అది తీసే ఉంటుంది.

లైస్బెత్